కోడిపుంజు ఈకల టోపీ

ముప్పై సెంటీమీటర్ల ఎత్తున్న బొమ్మ. ఖాకీ యూనిఫాం, నడుముకు తోలు బెల్టు, భుజాన బయొనెట్ బిగించిన మాన్లిచర్ తుపాకీ. బూట్లు అసలు తోలుతోనే కుట్టారు. తల మీద గుండ్రటి నల్ల టోపీ, దానికి ఒక పక్కన కోడిపుంజు తోక ఈకల గుత్తి. రెండో ప్రపంచ యుద్ధం నాటి హంగరీ జెండార్మ్ అతను. జెండార్మ్ అంటే పల్లెల్లో పోలీసు పని చేసే, సైన్యం పద్ధతిలో నడిచే దళంలో మనిషి. యుద్ధం వచ్చినప్పుడు వీళ్ళలో కొందరిని సైన్యం వెంట మిలిటరీ పోలీసులుగా పంపేవారు. పారిపోయిన సిపాయిలను పట్టుకోవడం, రోడ్లకు కాపలా కాయడం, ఆక్రమించిన ఊళ్ళలో తనిఖీలు చేయడం వాళ్ళ పని.

ఒక యూరప్ కలెక్టర్ చేతితో తయారుచేసి అమ్మకానికి పెట్టిన బొమ్మ అది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ముఖంలో అలసట కూడా కనిపిస్తుంది. బొమ్మతో పాటు ఇచ్చే వివరణలో బొత్తాలు ఏ లోహం, బట్ట ఏ నేత, బయొనెట్ ఒర ఏ నమూనా అన్నీ ఉన్నాయి. కింద 'చారిత్రకంగా ఖచ్చితమైనది' అన్న మాట ఉంది. ఆ దళం యూదులను చావు శిబిరానికి వెళ్ళే రైళ్ళెక్కించిన 1944 గురించి ఒక్క ముక్క లేదు.

ఈ వ్యాసం ఆ ఖాళీ గురించి. ఇలాంటి బొమ్మలు తయారు చేయకూడదని నేను అనను. కానీ ఆ నల్ల టోపీలో ఒక్కో ఈకను అంత శ్రద్ధగా నిలబెట్టిన మనిషి, ఆ టోపీ పెట్టుకున్నవాళ్ళు ఏం చేశారో ఒక కాగితం మీద రాయకుండా దాన్ని చరిత్ర పేరుతో అమ్మకూడదు అంటాను. గట్టిగానే అంటాను.

ఈ హాబీ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మనిషి ఎత్తులో ఆరో వంతు ఉండే ఈ కొలతను జనంలోకి తెచ్చింది 1964లో అమెరికాలో హాస్‌బ్రో విడుదల చేసిన జీఐ జో. అది పిల్లల ఆటబొమ్మ. 1990ల చివర్లో హాంకాంగ్ నుంచి డ్రాగన్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధపు సిపాయిలను ఇదే కొలతలో, పెద్దవాళ్ళు కొనుక్కునేలా, విప్పి తొడిగే బట్టలతో, విడి భాగాలున్న తుపాకులతో తీసుకొచ్చింది. అప్పటి నుంచి ఇది వేరే లోకం అయిపోయింది. జర్మన్, అమెరికన్, రష్యన్, బ్రిటిష్ సిపాయిలు కంపెనీల నుంచి నేరుగా దొరుకుతారు. హంగరీ, రొమేనియా, ఫిన్లాండ్ లాంటివి కావాలంటే చాలాసార్లు మనమే చేసుకోవాలి. ఒక బొమ్మ శరీరం, ఇంకో బొమ్మ తల, మూడో బొమ్మ బెల్టు తీసుకుని, చొక్కా కుట్టించి కలిపేదాన్ని కిట్‌బాష్ అంటారు. ఇలా చేసినవాటికి గౌరవం ఎక్కువ. ఎవరి దగ్గరా లేని యూనిఫాం నీ దగ్గర ఉందంటే ఆ గుంపులో నీ మాటకు విలువ పెరుగుతుంది.

అసలు తంటా అంతా అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్ఎస్ యూనిఫాం బొమ్మ షెల్ఫులో కనిపిస్తే ఇంటికొచ్చిన చుట్టం కూడా ఆగి అడుగుతాడు, ఇదెందుకు పెట్టావు అని. కాలరు మీద ఆ రెండు మెరుపు గుర్తులు ప్రపంచానికంతా తెలుసు. కోడి ఈకల టోపీని ఎవరూ అడగరు. అందంగా ఉంది, ఏ దేశం ఇది, అంటారు. జర్మనీలో స్వస్తిక గుర్తు మీద చట్టం ఉంది కాబట్టి అక్కడ అమ్మే మోడల్ కిట్ల పెట్టెల మీద ఆ గుర్తును చెరిపేస్తారు, స్టిక్కర్లలో రెండు ముక్కలుగా విడగొట్టి ఇస్తారు. హంగరీ చట్టం కూడా స్వస్తికను, ఎస్ఎస్ గుర్తును, అక్కడి ఫాసిస్టుల బాణాల శిలువను బహిరంగంగా ప్రదర్శించడాన్ని నిషేధించింది. జెండార్మ్ ఈకలు ఆ జాబితాలో లేవు. గుర్తుల మీద పెట్టిన నిషేధం గుర్తులనే ఆపగలదు. ఎవరూ గుర్తుపట్టని యూనిఫాం దాని కింద నుంచి జారిపోతుంది. దాన్ని పట్టుకోవాల్సింది తెలిసినవాళ్ళే, అంటే కలెక్టర్లే.

ఇంతకీ ఆ టోపీ వెనక ఏముంది?

హంగరీ రాజ్య జెండార్మ్ దళాన్ని 1881లో చట్టం చేసి ఏర్పాటు చేశారు. పట్నాల్లో పోలీసులు, పల్లెల్లో జెండార్మ్‌లు. ఇద్దరిద్దరుగా ఊరూరా నడుస్తూ గస్తీ తిరిగేవారు. దొంగలను పట్టడంలో గట్టివాళ్ళని పేరు. పెద్ద భూస్వాముల పొలాల్లో పనిచేసే కూలీలకు మాత్రం ఆ ఈకలు దూరం నుంచి కనిపిస్తేనే గుండెల్లో రాయి పడేది. సమ్మె చేసినా, నోరెత్తినా ముందు వచ్చేది వాళ్ళే. హంగరీని చాలాకాలం ఏలిన హోర్తి ప్రభుత్వం వాళ్ళను తన వెన్నెముకగా చూసుకుంది. దీన్ని బట్టే వాళ్ళందరినీ రాక్షసులని అనలేం. ఏ దేశపు పల్లె పోలీసు చరిత్ర చూసినా ఇలాంటి మంచీ చెడూ కలిసే ఉంటాయి.

1941 నుంచి కథ మారింది. ఆ వేసవిలో, హంగరీ పౌరసత్వం రుజువు చేసుకోలేకపోయారన్న పేరుతో వేలాది యూదులను ఇళ్ళ నుంచి తీసి, సరిహద్దు దాటించి, జర్మన్ల చేతిలో ఉన్న ఉక్రెయిన్‌లోకి తోశారు. ఆగస్టు చివర్లో కమెనెట్స్-పొదిల్స్కీ దగ్గర జర్మన్ దళాలు 23,600 మందిని కాల్చి చంపినట్టు వాళ్ళ నివేదికలే చెబుతాయి. వాళ్ళలో ఎక్కువమంది హంగరీ నుంచి అలా తోసివేయబడినవాళ్ళు.

1942 జనవరిలో, అప్పుడు హంగరీ ఆక్రమణలో ఉన్న, నేడు సెర్బియాలోని నోవీ సాద్ నగరంలో, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సైనికులూ జెండార్మ్‌లూ కలిసి ఇల్లిల్లూ గాలించారు. గెరిల్లాలను ఏరివేస్తున్నామన్నారు. సెర్బులను, యూదులను, పిల్లలతో సహా చంపి, గడ్డకట్టిన డాన్యూబ్ నదిలో మంచు పగలగొట్టి శవాలను తోశారు. ఆ ప్రాంతమంతా కలిపి చనిపోయినవాళ్ళు మూడు వేలకు పైనే. ఇది ఎంత దూరం పోయిందంటే, హంగరీ ప్రభుత్వమే 1943 చివర్లో బాధ్యులైన అధికారుల మీద విచారణ పెట్టాల్సి వచ్చింది. యుద్ధం మధ్యలో, జర్మనీ పక్షాన ఉన్న దేశం తన అధికారులను ఇలా బోనెక్కించడం మామూలు సంగతి కాదు. ముఖ్యులు జర్మనీకి పారిపోయారు. వాళ్ళలో మార్తొన్ జొల్ది అనే జెండార్మ్ కెప్టెన్ ఒకడు. యుద్ధం అయ్యాక అతన్ని యుగొస్లావియాకు అప్పగించారు, అక్కడ మరణశిక్ష అమలైంది.

ఆ తరవాత 1944. ఆ సంవత్సరం గురించి తెలుసుకున్నాక ఆ బొమ్మను మునుపటి కళ్ళతో చూడటం నా వల్ల కాలేదు.

మార్చి 19న జర్మన్ సైన్యం హంగరీలోకి వచ్చింది. దాని వెంట, యూదులను చావు శిబిరాలకు తరలించే పని చూసే ఎస్ఎస్ అధికారి ఐఖ్‌మన్ వచ్చాడు. అతని మనుషులు రెండు వందలు కూడా ఉండరు. ఏడెనిమిది లక్షల మంది యూదులున్న దేశంలో, భాష రాని ఆ కొద్దిమందికి ఏ ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడో తెలిసే దారి లేదు. ఆ పని చేసింది హంగరీ యంత్రాంగం. హోంశాఖలో లాస్లో ఎంద్రె, లాస్లో బాకి అనే ఇద్దరు స్టేట్ సెక్రటరీలు పథకం వేశారు. బాకి స్వయంగా మాజీ జెండార్మ్ అధికారి. ఐఖ్‌మన్ బృందంతో సంధానం చేసింది లాస్లో ఫెరెంట్సి, జెండార్మ్ లెఫ్టినెంట్ కల్నల్. ముగ్గురి పేరూ ఒకటే కాబట్టి చదివేటప్పుడు తికమక పడకండి.

ఏప్రిల్ 7న బాకి సంతకంతో రహస్య ఉత్తర్వు వెళ్ళింది. ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేకుండా యూదులందరినీ ఒక చోట చేర్చాలి. ఒంటి మీద బట్టలు, పద్నాలుగు రోజుల తిండి, మొత్తం సామాను 50 కిలోలకు మించకూడదు. డబ్బు, నగలు తీసుకోవాలి. దేశాన్ని జెండార్మ్ జిల్లాల లెక్కన మండలాలుగా విడగొట్టారు. ఏప్రిల్ 16న ఈశాన్యంలోని కార్పాతియన్ ప్రాంతంలో మొదలుపెట్టారు. తెల్లవారకముందే తలుపు తట్టింది కోడి ఈకల టోపీయే. ఉజ్‌హొరొద్, ముకాచెవో లాంటి పట్నాల్లో ఇటుక బట్టీల ఆవరణల్లోకి వేలమందిని తోలారు. కప్పు ఉన్నా గోడలు లేని షెడ్లు, వానలో బురద.

అక్కడ ఒక గది ఉండేది. బంగారం ఎక్కడ దాచారో చెప్పమని డబ్బున్నవాళ్ళని అనుకున్నవారిని లోపలికి తీసుకెళ్ళి అరికాళ్ళ మీద కొట్టేవారు. భార్య ముందు భర్తను, తండ్రి ముందు కూతుర్ని కొట్టేవారు. మంత్రసానులను పిలిపించి ఆడవాళ్ళ ఒంట్లో నగలు వెతికించారు. చాలా ఊళ్ళలో ఇలాంటి గదులుండేవి. జెండార్మ్‌లు వాటికి పెట్టుకున్న పేరు టంకశాల. ఆ గదులను నడిపింది హంగరీ వాళ్ళే.

మే 15న రైళ్ళు మొదలయ్యాయి. ఒక్కో గూడ్సు పెట్టెలో డెబ్బై మంది, చాలాసార్లు ఇంకా ఎక్కువ. ఒక బకెట్ నీళ్ళు, మరుగుకు ఇంకో బకెట్, బయట తాళం. జూలై 9 వరకు, ఎనిమిది వారాల్లో, 147 రైళ్ళలో 4,34,351 మందిని పంపామని ఫెరెంట్సి తన నివేదికలో రాసుకున్నాడు. దాదాపు అందరూ, ఆక్రమిత పోలండ్‌లో జర్మన్లు నడిపిన చావు శిబిరం ఆష్‌విట్జ్‌కే వెళ్ళారు. ఎక్కువమందిని దిగిన రోజే చంపేశారు.

ఆష్‌విట్జ్‌లో రైలు దిగుతున్న జనాన్ని ఎస్ఎస్ వాళ్ళు తీసిన ఫొటోల ఆల్బం ఒకటి మిగిలింది. మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. తలకు గుడ్డ కట్టుకున్న అమ్మమ్మలు, చెయ్యి పట్టుకుని నడుస్తున్న పిల్లలు. వాళ్ళు ఆ మే నెలలో కార్పాతియన్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు. ఆ ఫొటోల్లో హంగరీ జెండార్మ్ కనబడడు. ఎందుకంటే అతను కష్షా స్టేషన్‌లో దిగిపోయాడు. నేడు స్లొవాకియాలో కోషిత్సే అని పిలిచే ఆ ఊళ్ళో కాపలా మారేది. జెండార్మ్‌లు రైలును జర్మన్లకు అప్పగించి వెనక్కి తిరిగి, తరవాతి రైలు కోసం వెళ్ళేవారు. ప్రపంచం గుర్తుపెట్టుకున్న ఫొటోలన్నీ కష్షా తరవాతివి. ఆ టోపీ నేటికీ అమాయకంగా కనిపించడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం అనుకుంటాను.

ఈ మాటలన్నీ హాబీ గుంపుల్లో చెప్పినప్పుడు వచ్చే జవాబులు నాకు తెలుసు. వాటిలో తేలిగ్గా తీసేయలేనిది ఒకటుంది. 'ఈ బొమ్మ మిలిటరీ పోలీసుది, సైన్యం వెంట తిరిగినవాడిది. ఊళ్ళలో యూదులను పోగుచేసినవాళ్ళు వేరు, వాళ్ళు స్థానిక జెండార్మ్‌లు. అందరినీ ఒక గాటన కట్టడం చరిత్ర కాదు' అంటారు. ఇందులో నిజం ఉంది. రష్యాలోని డాన్ నది ఒడ్డున 1943 చలిలో చెక్‌పోస్టు దగ్గర నిలబడినవాడు 1944 మేలో ముకాచెవోలో ఉండి ఉండకపోవచ్చు. అయితే నా వాదనకు ఇది అడ్డు కాదు, బలం. ఆ తేడా అంత ముఖ్యమైతే వివరణలో రాయండి. ఏ సంవత్సరం, ఏ ఫ్రంట్, ఏ యూనిట్‌తో ఉన్నవాడో చెప్పండి. బొత్తం ఏ సంవత్సరం నమూనాయో చెప్పగలిగినవాళ్ళు ఇది చెప్పలేరా? నేను చూసిన వివరణలో ఉన్నది '1939–45' అని మాత్రమే. ఆ గీతలో 1942 ఉంది, 1944 ఉంది. పైగా మిలిటరీ పోలీసుగా వెళ్ళినవాడు వేరే దళంలో పుట్టి పెరిగినవాడు కాదు. అదే శిక్షణ, అదే అధికారులు, డ్యూటీ అయ్యాక తిరిగి వెళ్ళేది ఆ జిల్లాకే.

'అందరూ చెడ్డవాళ్ళు కారు' అనేది ఇంకో మాట. ఒప్పుకుంటాను. 1945లో హంగరీ కొత్త ప్రభుత్వం జెండార్మ్ దళాన్ని మొత్తంగా రద్దు చేసింది. సభ్యులందరి మీదా ఒకే మచ్చ వేసిన ఆ పద్ధతి గురించి అక్కడి చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు, వాదించుకోవాల్సిందే. కానీ ఒక మంచి జెండార్మ్ ఉన్నాడన్నది వివరణ కాగితంలో ఏమీ రాయకుండా ఉండటానికి కారణం ఎలా అవుతుంది? మంచివాడెవడో తెలియాలన్నా, మిగతావాళ్ళు ఏం చేశారో ముందు చెప్పాలి కదా.

హంగరీలో అందరూ తలవంచలేదన్నది కూడా ఆ కాగితంలోకి రావాలి. జూలై మొదట్లో బుడాపెస్ట్ యూదుల వంతు వచ్చింది. వేలాది జెండార్మ్‌లను నగరంలోకి దించారు. బయటి దేశాల ఒత్తిడి పెరిగి, యుద్ధం ఎటు పోతుందో కనబడి, హోర్తి రైళ్ళను ఆపమన్నాడు. జెండార్మ్‌లు ఆ మాట వినేలా లేరు. ఫెరెంట్స్ కొసొరూష్ అనే కల్నల్ తన టాంకు దళాన్ని నగరంలోకి తెచ్చి, వాళ్ళను వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళారు. బుడాపెస్ట్‌లో ఉన్న రెండు లక్షల మందికి ఆ వేసవి గడిచింది. అదే సంవత్సరం శరదృతువులో బాణాల శిలువ పార్టీ అధికారంలోకి వచ్చాక వాళ్ళు పడిన బాధలు వేరే కథ. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే, ఒక హంగరీ సైనికాధికారి హంగరీ జెండార్మ్‌లను వెళ్ళగొట్టడానికి టాంకులు తీసుకురావాల్సి వచ్చింది. జర్మన్లు చేయి కట్టేసి చేయించారన్న వాదన నిలవదు. ఆపాలనుకున్నప్పుడు రైళ్ళు ఆగాయి.

ఎంద్రె, బాకి, ఫెరెంట్సి ముగ్గురికీ 1946లో మరణశిక్ష పడి అమలైంది. కిందిస్థాయి వాళ్ళు చాలామంది దేశాలు దాటి బతికేశారు. నోవీ సాద్ కేసులో పేరున్న షాందొర్ కేపీరో అనే మాజీ జెండార్మ్ కెప్టెన్ దశాబ్దాలు అర్జెంటీనాలో ఉండి 1996లో బుడాపెస్ట్ తిరిగొచ్చాడు. 2011లో, తొంభై ఏడేళ్ళ వయసులో అతన్ని విచారించారు. సాక్ష్యం చాలదని కోర్టు విడుదల చేసింది. అప్పీలు తేలకముందే ఆ సెప్టెంబరులో చనిపోయాడు. ఇది పాతకాలపు సంగతి అనేవాళ్ళకు ఈ తేదీ చూపిస్తాను. మనలో చాలామంది అప్పటికే ఫేస్‌బుక్ వాడుతున్నాం.

మనకెందుకయ్యా ఇదంతా అని అడిగే తెలుగువాళ్ళు ఉంటారు. ఆరో వంతు బొమ్మలు, టాంకు కిట్లు చేసే కుర్రాళ్ళు హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో మనవాళ్ళు ఉన్నారు. యూరప్ యుద్ధం మనకు ఇంటి గాయం కాదు కాబట్టి దాన్ని ఇంజినీరింగ్‌లాగా చూడటం తేలిక. టాంకు కవచం మందం, తుపాకీ వేగం, యూనిఫాం రంగు. హిట్లర్ ఫొటో అట్ట మీదున్న పుస్తకం మన రైల్వే స్టేషన్ల స్టాళ్ళలో వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కన ఏళ్ళ తరబడి అమ్ముడుపోయిన దేశం మనది. దూరం వల్ల వచ్చే ఈ నిర్లక్ష్యాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. దూరంగా ఉన్నవాడికి ఏ పక్షం మీదా మోజు ఉండదు కాబట్టి, నిజం చెప్పడానికి మనకు ఇంకా వెసులుబాటు ఉండాలి.

బొమ్మ నిర్దోషి, ప్లాస్టిక్ ముక్క అనేవాళ్ళకు మా ఇంటి సంక్రాంతి బొమ్మల కొలువు గుర్తు చేస్తాను. రావణుడు కొలువులో ఉంటాడు, పది తలలతో, నగలతో, రాముడి కంటే కళగా ఉంటాడు. ఎవరూ అతన్ని తీసేయమనరు. కానీ అతని పక్కన సీత ఉంటుంది, జటాయువు ఉంటాడు, పేరంటానికి వచ్చిన పిల్లలకు కథ చెప్పే అమ్మమ్మ ఉంటుంది. రావణుణ్ణి ఒక్కణ్ణే గాజు పెట్టెలో పెట్టి కిరీటంలో రాళ్ళు ఎన్నో మాత్రం రాస్తే అది కొలువు అవుతుందా?

అలాగని జెండార్మ్ పక్కన గూడ్సు పెట్టెను, అందులోకి ఎక్కుతున్న పిల్లలను బొమ్మలుగా చేసి పెట్టమని నేను అడగడం లేదు. అది వద్దే వద్దు. చనిపోయినవాళ్ళు మన పనితనం చూపించుకోవడానికి వాడుకునే సరుకు కాదు. వాళ్ళకు మనుమలున్నారు, మునిమనుమలున్నారు. టెల్అవీవ్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న ఒక మనిషి తన ముత్తవ్వను ఆరో వంతు కొలతలో చూడాల్సిన అవసరం లేదు. ఇక్కడ చేయాల్సిన పని మాటలతోనే చేయాలి. కాగితం చాలు.

అమ్మేవాళ్ళకు దీనివల్ల ఖర్చేమీ పెరగదు. కొంతమంది కొనడం మానేయొచ్చు. ఆ కాగితం చదివి వెనక్కి తగ్గేవాడు వెనక్కి తగ్గడమే మంచిది. చదివీ కొనేవాడు తన షెల్ఫు ముందు నిలబడి అడిగినవాళ్ళకు జవాబు చెప్పగలడు. ఇంకో రకం కొనుగోలుదారులు ఉన్నారు, ఆ ఈకలను చూసి నిజంగానే గర్వపడేవాళ్ళు. అలాంటివాళ్ళకు ఈ కాగితం నచ్చదు. వాళ్ళకు నచ్చే వస్తువు తయారు చేస్తున్నామా అన్నది తయారీదారులు తమను తాము అడగాల్సిన ప్రశ్న. 'మేం రాజకీయాల జోలికి పోం' అన్న జవాబు నాకు సరిపోదు. మౌనంగా ఉన్న పెట్టె ఆ గర్వపడేవాడి వైపే మాట్లాడుతుంది.

నేనైతే కార్డు మీద ఇలా రాస్తాను. యూనిఫాం వివరాల కింద, అదే అక్షరాల సైజులో:

'హంగరీ రాజ్య జెండార్మ్ దళం, 1881–1945. ఈ దళం 1942 జనవరిలో నోవీ సాద్ పరిసరాల్లో సాధారణ ప్రజల హత్యల్లో పాల్గొంది. 1944 ఏప్రిల్ నుంచి జూలై వరకు హంగరీ పట్నాల్లో, పల్లెల్లో యూదులను ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి, దోచుకుని, రైళ్ళెక్కించింది. దళాధికారి లాస్లో ఫెరెంట్సి లెక్క ప్రకారం అలా పంపినవారు 4,34,351 మంది. దాదాపు అందరినీ ఆష్‌విట్జ్‌కు పంపారు. ఈ బొమ్మ ఫలానా సంవత్సరంలో, ఫలానా చోట సైన్యంతో పనిచేసిన మిలిటరీ పోలీసుది.'

చివరి వాక్యంలో ఫలానా అన్న చోట్ల నింపాల్సింది బొమ్మ చేసినవాళ్ళు. దీన్ని ఎవరైనా తమ బొమ్మకు వాడుకోవచ్చు, నా పేరు అక్కర్లేదు. హంగరీ భాష బాగా వచ్చిన తెలుగువాళ్ళెవరైనా దీన్ని ఆ భాషలోకి మార్చి పంపితే, ఆ కలెక్టర్‌కు కూడా పంపిస్తాను.